రోబో వేలికి తగిలితే మనిషికెలా తెలుస్తుంది?

స్వీడన్‌లోని ఉమియో విశ్వవిద్యాలయంలో రోలాండ్ యోహాన్సన్ అనే శాస్త్రవేత్త చేసిన ఒక చిన్న ప్రయోగం ఉంది. అగ్గిపుల్ల తీసి, గీసి వెలిగించాలి, అంతే. మామూలుగా కొద్ది సెకన్ల పని. తర్వాత అదే మనిషి వేళ్ల కొసలకు మత్తు సూది వేసి, అదే పని మళ్లీ చేయమన్నారు. చేతి కండరాల బలం ఎక్కడికీ పోలేదు. కళ్లకు అన్నీ కనబడుతూనే ఉన్నాయి. అయినా పుల్ల చేతికి చిక్కదు. చిక్కినా అటూ ఇటూ తిరిగిపోతుంది, జారిపోతుంది. వెలిగేసరికి దాదాపు అర నిమిషం పట్టింది.

వెన్నుపాముకు దెబ్బ తగిలి కాళ్లూ చేతులూ పడిపోయినవాళ్ల గురించి మాట్లాడుకునేటప్పుడు మన ధ్యాసంతా కదలిక మీదే ఉంటుంది. లేచి నడుస్తారా, చెయ్యి ఎత్తగలరా అని అడుగుతాం. స్పర్శ సంగతి తర్వాత చూసుకోవచ్చులే అన్నట్టు ఉంటాం. కానీ గాజుగ్లాసును ఎంత గట్టిగా పట్టుకోవాలో, అది జారుతోందో లేదో, జారితే ఇంకెంత బిగించాలో చెప్పేది చర్మమే. కంటికి ఆ సంగతి తెలిసేసరికి గ్లాసు నేల మీద ఉంటుంది.

ఇంకా గట్టి సాక్ష్యం కావాలంటే బ్రిటన్‌కు చెందిన ఇయాన్ వాటర్‌మన్ ఉన్నాడు. 1971లో, 19 ఏళ్ల వయసులో ఒక జబ్బు చేసింది. మెడ కింద శరీరమంతటా స్పర్శను, అవయవాలు ఎక్కడున్నాయన్న ఎరుకను మోసుకెళ్లే నరాలు దెబ్బతిన్నాయి. కండరాలను కదిలించే నరాలకు మాత్రం ఏమీ కాలేదు. అంటే అతనికి పక్షవాతం లేదు. అయినా మంచం మీద నుంచి లేవలేకపోయాడు. ప్రతి అవయవాన్నీ కళ్లతో చూసుకుంటూ, ఆలోచించి ఆలోచించి కదిలించడం నేర్చుకున్నాడు. అలా నేర్చుకుని నడిచినా, లైటు ఆరిపోతే నిలబడలేక కూలబడేవాడు.

కాబట్టి మెదడు చిప్‌తో, అంటే మెదడులో అమర్చి దాని సంకేతాలను కంప్యూటర్‌కు అందించే బుల్లి పరికరంతో, రోబో చేతిని కదిలించగలిగిన రోజున సగం సమస్యే తీరింది. 2012లో అమెరికా నుంచి రెండు వీడియోలు ప్రపంచమంతా తిరిగాయి. కాళ్లూ చేతులూ కదలని కాథీ హచిన్‌సన్ తలపుతోనే రోబో చేతిని నడిపి కాఫీ తాగారు. పిట్స్‌బర్గ్‌లో జాన్ షోయర్‌మన్ అదే పద్ధతిలో చాక్లెట్ తిన్నారు. అద్భుతమే, కాదనను. అయితే ఆ రోబో చెయ్యి వస్తువును పట్టుకుందో లేదో వాళ్లిద్దరికీ చెప్పేవి కళ్లొక్కటే. మత్తెక్కిన వేళ్లతో అగ్గిపుల్ల గీయడం అన్నమాట.

ఆ తర్వాత జరిగిన పనిని వార్తల్లో చదివితే మాత్రం తికమక తప్పదు. 'మెదడు చిప్‌తో స్పర్శ తిరిగొచ్చింది' అన్న ఒకే శీర్షిక కింద వేర్వేరు సంగతులు కలగలిసిపోయాయి. ఒకరికి రోబో చేతిని ముట్టుకుంటే తెలిసింది. ఇంకొకరి సొంత చేతిలో మిగిలిపోయిన కొద్దిపాటి స్పర్శ సంకేతాన్ని కంప్యూటర్ పసిగట్టింది. మరొకరి వేళ్లకు సెన్సర్లు తగిలించి, వాటిని మెదడుకు కలిపారు. చెయ్యి తెగిపోయినవాళ్లకు కృత్రిమ చేతితో ఇచ్చే స్పర్శ మళ్లీ వేరు. ఇక మనవాళ్లు మెదడు చిప్ అనగానే తలచుకునే, ఎలాన్ మస్క్ కంపెనీ న్యూరాలింక్ సంగతి: 2024 జనవరిలో మొదటిసారి ఒక మనిషికి అమర్చిన ఆ పరికరం మెదడు సంకేతాలను బయటికి చదువుతుంది, అంతే. స్పర్శను లోపలికి పంపదు.

దారి తెగినా పటం మిగిలింది

మన ఒక్కో అరచేతిలో, వేళ్లలో కలిపి స్పర్శను పట్టే నరపు పోగులు సుమారు 17,000 ఉంటాయని లెక్క. అన్నీ ఒకే పని చేయవు. కొన్ని వస్తువు అంచును, ఒత్తిడిని పడతాయి. కొన్ని జారుడును, కొన్ని కంపనాన్ని, కొన్ని చర్మం సాగడాన్ని. ఈ సంకేతాలు చేతి నరాల గుండా మెడ దగ్గర వెన్నుపాములోకి చేరి, పైకి ఎక్కి, మెదడు అడుగుభాగంలో కుడివి ఎడమకు, ఎడమవి కుడికి దాటి, మెదడు నడిమధ్యనున్న థలామస్ అనే భాగం మీదుగా మెదడు పైపొరలో ఒక పట్టీలాంటి చోటికి చేరతాయి. రెండు చెవులనూ కలుపుతూ నడినెత్తి మీదుగా ఒక గీత గీస్తే, ఇంచుమించు ఆ గీత వెంటే ఆ పట్టీ ఉంటుంది. దానికి ఆనుకుని ముందువైపు ఉన్న పట్టీ కదలికలది.

మెడ విరిగి వెన్నుపాము దెబ్బతింటే ఈ దారి మధ్యలో తెగుతుంది. వేళ్లలోని గ్రాహకాలు బాగానే ఉంటాయి. మెదడులోని పట్టీ కూడా బాగానే ఉంటుంది. పోయింది మధ్యలో దారే. చేతులు తెగిపోయినవాళ్ల విషయం దీనికి భిన్నం. వాళ్ల మొండి చేతిలో మిగిలిన నరాలకు మెదడుతో సంబంధం తెగలేదు. అందుకే ఆ నరాల చుట్టూ కరెంటు పంపే ఎలక్ట్రోడ్లు పెడితే చాలు, కృత్రిమ వేలికి తగిలింది మెదడుకు తెలుస్తుంది. పుర్రె తెరవాల్సిన పని లేదు. మెడ దగ్గర దారి తెగినవాళ్లకు ఆ అవకాశం లేదు. తెగిన చోటు దాటి, నేరుగా మెదడుకే పోవాలి.

మెదడుకు కరెంటు తగిలిస్తే చేతిలో తెలుస్తుందని కొత్తగా కనిపెట్టిందేమీ కాదు. కెనడాలోని మాంట్రియల్‌లో వైల్డర్ పెన్‌ఫీల్డ్ అనే సర్జన్ 1930లలోనే మూర్ఛ రోగులకు మెలకువగా ఉండగానే ఆపరేషన్లు చేస్తూ, మెదడు పైపొర మీద అక్కడక్కడా చిన్న కరెంటు తగిలించి, ఏం తెలుస్తోందో వాళ్లనే అడిగేవారు. మెదడుకు తనకంటూ నొప్పి తెలియదు కాబట్టి ఇది సాధ్యమైంది. ఒక చోట తగిలిస్తే బొటనవేలు జివ్వుమంది అనేవారు. పక్కన తగిలిస్తే చూపుడువేలు అనేవారు. అలా శరీరమంతటి పటం తయారైంది. ఆ పటంలో వీపుకు దక్కింది కొంచెమే. చేతికీ పెదవులకూ మాత్రం బోలెడంత చోటు.

అసలు అనుమానం వేరే ఉంది. పదేళ్లుగా చేతి నుంచి కబురే రాకపోతే, ఆ పటంలో చెయ్యి చెయ్యిగానే ఉంటుందా? వాడకంలో లేని ఆ చోటును పక్కనున్న ముఖం తాలూకు భాగం ఆక్రమించేసి ఉంటుందని చాలామంది శాస్త్రవేత్తలు అనుకునేవారు. అదే నిజమైతే చేతి భాగానికి కరెంటు పంపినప్పుడు చెంప మీద ఏదో పాకినట్టు తెలియాలి. దీన్ని తేల్చడానికి మనిషే కావాలి. కోతి నోరు విప్పి ఎక్కడ తెలిసిందో చెప్పదు కదా.

కళ్లకు గంతలు కట్టి

2004లో, 18 ఏళ్ల వయసులో, పెన్సిల్వేనియాలో కారు ప్రమాదంలో నాథన్ కోప్‌లాండ్ మెడ విరిగింది. 2015లో పిట్స్‌బర్గ్ విశ్వవిద్యాలయ వైద్యులు అతని మెదడులో నాలుగు చిప్‌లు అమర్చారు. రెండు కదలిక పట్టీలో, రెండు స్పర్శ పట్టీలో. పెద్దవి కూడా 4 మిల్లీమీటర్ల చదరాలే. ఒక్కో దాని అడుగున వరసలుగా సన్నటి సూదులు, 1.5 మిల్లీమీటర్ల పొడవు. కదలిక వైపువి వింటాయి, స్పర్శ వైపువి కరెంటు పంపుతాయి. పంపగలిగినవి రెండు చిప్‌లకూ కలిపి 64 సూదులు. ఆ కరెంటు మహా అయితే 100 మైక్రోఆంపియర్లు, అంటే ఒక ఆంపియర్‌లో పదివేలో వంతు. పుర్రె మీద చర్మంలోంచి రెండు కనెక్టర్లు బయటికి పొడుచుకుని ఉంటాయి. ల్యాబ్‌కు వచ్చినప్పుడు వాటికి కేబుళ్లు తగిలిస్తారు.

ప్రమాదం జరిగి అప్పటికి పదేళ్లు దాటింది. ఒక్కో సూదికీ కరెంటు పంపి ఎక్కడ తెలుస్తోందని అడిగారు. చెంప మీద కాదు, చేతిలోనే అన్నాడు. తన చేతిలో, తన వేళ్లలో. ఈ రంగంలో ఇంతవరకు తెలిసినవాటిలో నాకు అన్నిటికంటే విలువైనదిగా తోచేది ఈ ఒక్క జవాబే. దారి మూసుకుపోయి పదేళ్లయినా మెదడులో చెయ్యి అలాగే ఉంది.

తర్వాత అతని కళ్లకు గంతలు కట్టి, పక్కనున్న రోబో చేతి వేళ్లను ఒక్కొక్కటిగా తాకారు. రోబో వేలి కీలు దగ్గర, వేలి మీద ఎంత బలం పడుతోందో కొలిచే సెన్సర్ ఉంది. బలం పెరిగితే ఆ వేలికి సంబంధించిన సూదుల్లో కరెంటు పెరుగుతుంది. ఏ వేలు తాకామో చెప్పమంటే 84 శాతం సార్లు సరిగ్గా చెప్పాడు. ఒక్కోసారి కరెంటులా, ఒక్కోసారి నొక్కినట్టు ఉందని, మొత్తమ్మీద ఎవరో తన వేళ్లను తాకుతున్నట్టే ఉందని వివరించాడు. 2016 అక్టోబరులో పరిశోధన పత్రం వెలువడింది. అదే రోజుల్లో పిట్స్‌బర్గ్‌కు వచ్చిన అప్పటి అధ్యక్షుడు ఒబామా రోబో పిడికిలికి తన పిడికిలి తాకించిన ఫోటో ప్రపంచమంతా చూసింది.

ఫోటోలో కనిపించని వివరం ఒకటి ఆ పత్రంలో ఉంది. తెలిసిన స్పర్శ ఎంత సహజంగా ఉందని అడిగితే, 'పూర్తిగా అసహజం' నుంచి 'పూర్తిగా సహజం' దాకా ఉన్న జవాబుల్లో 93 శాతం సార్లు అతను ఎంచుకున్నది నడిమధ్యది: 'సహజమే కావచ్చు'. పైగా స్పర్శ ఎక్కువగా వేళ్ల మొదళ్ల దగ్గరే తెలిసింది, కొసల్లో కాదు. వేలికొసలకు చెందిన మెదడు భాగం చాలావరకు మడత లోపలికి పోయి ఉంటుంది, పైనుంచి గుచ్చిన పొట్టి సూదులకు అందదు. తర్వాత చికాగోలో ఆపరేషన్లు చేసిన బృందం ముందుగా స్కాన్లు తీసి, వేలికొసల చోటు ఎక్కడ అందుబాటులో ఉందో వెతికి మరీ చిప్‌లు పెట్టింది ఇందుకే.

పనికొచ్చే స్పర్శ, అనుభవించే స్పర్శ

మరి ఇంత మోటు స్పర్శ దేనికి పనికొస్తుంది? 2021లో 'సైన్స్' పత్రికలో దీనికి జవాబు వచ్చింది. కోప్‌లాండ్‌కు అప్పటికే రోబో చేతిని నడపడంలో బాగా చెయ్యి తిరిగింది. రకరకాల వస్తువులను పట్టుకుని, ఎత్తి, ఇంకోచోట పెట్టాలి. స్పర్శ కరెంటు ఆపేసి చేయిస్తే ఒక్కో ప్రయత్నానికి పట్టిన సమయం, మధ్యస్థ విలువ చూస్తే, 20.9 సెకన్లు. కరెంటు ఉంచి చేయిస్తే 10.2 సెకన్లు. రోబో చెయ్యి వేగం పెరగలేదు. వస్తువు దగ్గరికి వెళ్లాక పట్టు దొరికిందా లేదా అని తడబడే సమయం తగ్గిపోయింది, అంతే. వస్తువు గరుకా నునుపా, వెచ్చనా చల్లనా అన్నది అతనికేమీ తెలియలేదు. తగిలిందన్న సంగతి, ఎంత బలంగా అన్న సంగతి తెలిశాయి. ఆ రెండు కబుర్లతోనే పని సగం సమయంలో తేలింది.

ఇక్కడే రెండు లక్ష్యాలను విడదీయాలని నా అభిప్రాయం. పని జరగడానికి కావలసిన స్పర్శ ఒకటి. ఇది దగ్గర్లోనే ఉంది. పిల్లవాడి తల నిమిరితే తెలిసే స్పర్శ ఇంకొకటి. ఇది చాలా దూరం. వార్తాపత్రికలు మొదటిదాని ఫలితాన్ని రెండోదాని పేరుతో అమ్ముతున్నాయి. అందుకే చదివినవాళ్లకు ఆశ ఒకచోట, వాస్తవం ఇంకోచోట.

రెండోది ఎందుకంత కష్టం? మామూలుగా వేలు ఒక అంచును తాకినప్పుడు మెదడులో వేల న్యూరాన్లు (నాడీకణాలు) స్పందిస్తాయి. కానీ ఒక్కోటి ఒక్కో క్షణంలో, ఒక్కో తీరులో. కొన్ని తగలగానే పలికి ఊరుకుంటాయి. కొన్ని పట్టి ఉన్నంతసేపూ పలుకుతుంటాయి. సూదిలోంచి సెకనుకు వంద చొప్పున కరెంటు దెబ్బలు పంపితే, ఆ సూది చుట్టుపక్కలున్న న్యూరాన్లన్నీ, ఏది దేనికోసం ఉందో చూడకుండా, ఒక్కసారిగా లేస్తాయి. వీణ తీగలన్నిటినీ అరచేత్తో ఒక్క చరుపు చరిచినట్టు ఉంటుంది. వీణ మోగిందని తెలుస్తుంది, రాగమేదో తెలియదు. తిమ్మిరి, జివ్వుమనడం, నొక్కినట్టు ఉండడం, ఇలాంటి మాటలే రోగుల నోటి నుంచి ఎక్కువగా రావడానికి కారణం ఇదే.

చికాగో విశ్వవిద్యాలయంలో స్లిమాన్ బెన్స్‌మాయా ఈ చిక్కు మీదే ఏళ్ల తరబడి పనిచేశారు. 2013లో ఆయన బృందం కోతుల మెదడుకు కరెంటు పంపి, చర్మాన్ని తాకితే కోతి ఏ జవాబు ఇస్తుందో మెదడును ప్రేరేపించినా అదే జవాబు ఇస్తుందని చూపింది. మెదడుకు మనకు తోచిన సంకేతం పంపి అలవాటు చేసుకోమనడం కంటే, చర్మం సహజంగా ఏ సంకేతం పంపుతుందో తెలుసుకుని వీలైనంతవరకు దాన్నే అనుకరించాలన్నది ఆయన పట్టు. ఉదాహరణకు వస్తువు తగిలిన క్షణంలో, వదిలిన క్షణంలో నరాలు గట్టిగా స్పందిస్తాయి, మధ్యలో పట్టి ఉంచినంతసేపూ నెమ్మదిగా ఉంటాయి. కరెంటు కూడా అలాగే ఎగసి, తగ్గి, మళ్లీ ఎగసేలా ఇస్తే మెదడుకు అర్థమవుతుంది, కరెంటూ తక్కువ సరిపోతుంది. ఆయన 2023 ఆగస్టులో హఠాత్తుగా చనిపోయారు. పనిని శిష్యులూ సహచరులూ కొనసాగిస్తున్నారు.

2024 చివర్లో ఒకటి, 2025 జనవరిలో ఒకటి, ఆ పని నుంచి వెంటవెంటనే రెండు పరిశోధన పత్రాలు వచ్చాయి. చార్ల్స్ గ్రీన్‌స్పన్ ముందు నిలిచిన మొదటిదాంట్లో తేలింది ఏమిటంటే, ఒక సూదితో తెలిసే చోటు ఏళ్లు గడిచినా పెద్దగా కదలదు. ఇవాళ చూపుడువేలైతే రెండేళ్ల తర్వాతా చూపుడువేలే. ఒకే చోటును తాకే రెండు సూదులను కలిపి వాడితే స్పర్శ ఇంకా బలంగా, స్పష్టంగా తెలుస్తుంది. జాకోమో వాలే ముందు నిలిచిన రెండోది ఇంకో అడుగు ముందుకు వేసింది. ఇరుగుపొరుగు చోట్లను తాకే సూదులను కలిపి వాడితే ఒక చుక్కగా కాక గీతగా, అంచుగా తెలిసింది. ఆ అంచు ఏ వైపు తిరిగి ఉంది, వంపుగా ఉందా అన్నదీ తెలిసింది. వరసగా ఒకదాని తర్వాత ఒకటి వెలిగిస్తే చర్మం మీద ఏదో పాకుతున్నట్టు తెలిసింది. ఇందులో పాల్గొన్న ఒకరు కృత్రిమ చేత్తో కారు స్టీరింగ్‌ను పట్టుకుని, అది చేతిలో జారడాన్ని గుర్తించారు. చుక్క నుంచి గీతకు, గీత నుంచి కదలికకు రావడానికి 2016 నుంచి 2025 దాకా పట్టిందన్నమాట.

పిట్స్‌బర్గ్ వాళ్లు అదే ఏడాది ఇంకో దారి పట్టారు. శాస్త్రవేత్తలు సంకేతాన్ని నిర్ణయించడం మాని, పాల్గొన్న ముగ్గురికే నాబులు అప్పగించారు. తెర మీద పిల్లి బొమ్మో, ఆపిల్ పండో, తాళంచెవో, ఇలా ఐదింట్లో ఒకటి కనిపిస్తుంది. దాన్ని ముట్టుకుంటే ఎలా ఉండాలో అలా అనిపించేదాకా కరెంటు తీరును వాళ్లే మార్చుకుంటూ పోవాలి. ఒకరికి పిల్లి బొచ్చు వెచ్చగా, మెత్తగా అనిపించింది, తాళంచెవి గట్టిగా నునుపుగా తోచింది. కానీ తర్వాత బొమ్మ చూపించకుండా ఆ కరెంటునే పంపి ఏ వస్తువో చెప్పమంటే, సరైన జవాబులు 35 శాతం. ఊరికే ఊహించి చెప్పినదాని కంటే మెరుగే. అయితే మిగిలిన భాగాన్ని ఎంతవరకు కళ్లు, జ్ఞాపకాలు పూరించాయో కూడా ఈ అంకెలోనే తెలుస్తోంది.

సొంత చెయ్యే కావాలంటే

ఇంతవరకు చెప్పింది రోబో చెయ్యి సంగతి. ఎవరికైనా ముందు కావాల్సింది తన చెయ్యే కదా.

ఒహాయోకు చెందిన ఇయాన్ బర్క్‌హార్ట్‌కు 2010లో సముద్రంలో దూకినప్పుడు మెడ విరిగింది. 2014లో అతని మెదడులో ఒకే ఒక చిప్, అదీ కదలిక పట్టీలో మాత్రమే పెట్టారు. దాని సంకేతాలతో ముంజేతికి చుట్టిన ఎలక్ట్రోడ్ల పట్టీ అతని కండరాలనే కదిలిస్తుంది. స్పర్శ కోసం ప్రత్యేకంగా ఏమీ పెట్టలేదు. కానీ 2020లో అదే బృందం ఒక వింత గమనించింది. చేతిని తాకితే అతనికి ఏమీ తెలియదు. చిప్‌కు మాత్రం తెలుస్తోంది! వెన్నుపాము పూర్తిగా తెగిందనుకున్నచోట కొన్ని పోగులు మిగిలి, మనిషి ఎరుకకు అందనంత బలహీనమైన కబురును మెదడుకు చేరవేస్తున్నాయి. కంప్యూటర్ ఆ కబురును పట్టుకుని, అతనికి స్పర్శ ఉన్న పైచేతికి కట్టిన పట్టీని కంపింపజేసింది. దాంతో వస్తువు చేతికి చిక్కిందో లేదో చూడకుండానే చెప్పగలిగాడు. మెదడులోకి ఒక్క మైక్రోఆంపియరూ పంపకుండానే ఇది సాధ్యమైంది. అయితే ఇందులో వేలికి తగిలినట్టు తెలియదు, పైచెయ్యి కంపిస్తుంది. స్పర్శ అనడం కంటే స్పర్శ గురించిన కబురు అనడం సబబు.

న్యూయార్క్‌లో కీత్ థామస్‌ది మూడో రకం. 2020 జూలైలో ఈతకొలనులో దూకి మెడ విరగ్గొట్టుకున్నాడు. 2023 మార్చిలో ఫైన్‌స్టైన్ పరిశోధన సంస్థ బృందం 15 గంటల ఆపరేషన్ చేసి ఐదు చిప్‌లు పెట్టింది. రెండు కదలికకు, మూడు స్పర్శకు. ఆపరేషన్ మధ్యలో అతన్ని మెలకువలో ఉంచి, ఏ వేలిలో తెలుస్తోందో అడుగుతూ చోటు ఖాయం చేసుకున్నారు. చేతి వేళ్లకు సెన్సర్లు, ముంజేతికి, మెడ వెనక వెన్నుకు ఎలక్ట్రోడ్లు. అతను కదిలించాలనుకుంటే కంప్యూటర్ చేతిని కదిలిస్తుంది, వేలికి ఏదైనా తగిలితే కంప్యూటర్ మెదడుకు చెబుతుంది. మూడేళ్ల తర్వాత సోదరి చెయ్యి పట్టుకుని ఆ స్పర్శ తెలుసుకున్న అతని వీడియో 2023 ఆగస్టులో అందరూ చూశారు.

ఆ వీడియో కంటే ఆసక్తికరమైన సంగతి బృందం విడిగా చెప్పింది. యంత్రం ఆపేసిన తర్వాత కూడా అతని ముంజేతిలో, మణికట్టు దగ్గర కొంత స్పర్శ కొత్తగా తెలియడం మొదలైంది, చేతుల్లో కొంత బలం పెరిగింది. రోజూ అటూ ఇటూ సంకేతాలు నడిపించడం వల్ల మిగిలిన పోగులు పనిలో పడ్డాయేమో. ఒక్క మనిషి ఫలితంతో ఏదీ తేల్చలేం. కానీ బర్క్‌హార్ట్‌లో కనిపించిన ఆ మిగులు పోగులను దీని పక్కన పెట్టి చూస్తే, 'పూర్తిగా తెగింది' అని ఫైల్లో రాసినంత మాత్రాన అంతా అయిపోయినట్టు కాదని అనిపిస్తుంది.

తీరనివి

ఇవేవీ ఆస్పత్రిలో డబ్బు కట్టి చేయించుకునే చికిత్సలు కావు. అన్నీ ప్రయోగాలే. వేళ్ల మీద లెక్కపెట్టగలిగినంతమంది వలంటీర్లు, అతి కొద్ది ల్యాబులు. చాలావాటిలో పుర్రె చర్మంలోంచి కనెక్టర్ బయటికి ఉంటుంది. అంటే క్రిములకు ఎప్పుడూ తెరిచి ఉన్న దారి. ఏడేళ్లు వాడిన తర్వాత 2021లో ఇన్ఫెక్షన్ వల్ల బర్క్‌హార్ట్ చిప్ తీసేయాల్సి వచ్చింది. చెయ్యి మళ్లీ మొదటికొచ్చింది. కోప్‌లాండ్ చిప్‌లు మాత్రం పదేళ్లు నిలిచాయి.

తెలంగాణలో తాటిచెట్టు మీంచి పడి వెన్ను విరిగిన గీత కార్మికుల కుటుంబాలకు ఈ కబురు చేరితే ఏమనుకోవాలి? 2024 జూలైలో ప్రభుత్వం వాళ్లకు కాటమయ్య రక్షణ కవచం కిట్లు ఇవ్వడం మొదలుపెట్టింది. పడకుండా ఆపే ఆ తాడూ బెల్టూ విలువ ఏ చిప్‌కూ తక్కువ కాదు. పడిపోయి మంచాన పడ్డవాళ్లకు స్పర్శ లేకపోవడం అంటే మొదట గుర్తొచ్చేది చెయ్యి కాదు, పిరుదుల మీద, మడమల మీద పడే పుండ్లు. ఒకేవైపు పడుకుంటే మనకు నొప్పి పుట్టి పక్కకు తిరుగుతాం. వాళ్లకు ఆ నొప్పి తెలియదు. రెండేసి గంటలకోసారి ఇంట్లోవాళ్లే తిప్పాలి. వేడి గిన్నె తగిలి కాలినా తెలియదు. ఈ చిప్‌లు దీనికేమీ చేయలేవు. అవి కొన్ని వేళ్లకు, అరచేతికి పరిమితం. నొప్పిని, కాలడాన్ని తెలియజేయడం వాటి పని కాదు.

అలాగని చేతి మీద ఇంత శ్రమ వృథా అనలేం. 2004లో అమెరికాలో వెన్నుపాము దెబ్బతిన్న 681 మందిని ఏది తిరిగొస్తే మీ బతుకు బాగుపడుతుందని అడిగారు. నాలుగు అవయవాలూ పడిపోయినవాళ్లలో దాదాపు సగం మంది నడకను కాదు, చేతిని కోరుకున్నారు. ముద్ద కలుపుకుని తినడం, ముక్కు దురద పెడితే గోక్కోవడం, ఫోను పట్టుకోవడం ఇంకొకరిని అడగకుండా జరిగితే చాలన్నమాట.

చిప్ తీయించుకున్న తర్వాత బర్క్‌హార్ట్ ఇలాంటి ప్రయోగాల్లో పాల్గొన్నవాళ్లను కూడగట్టి ఒక సంఘం పెట్టాడు. కోప్‌లాండ్ కూడా అందులో ఉన్నాడు. పరికరం తయారయ్యాక కాదు, తయారీకి ముందే తమను అడగాలని, ప్రయోగం ముగిసిన తర్వాత మెదడులో మిగిలిన చిప్‌కు బాధ్యత ఎవరిదో ముందే తేల్చాలని వాళ్లు కంపెనీలనూ నియంత్రణ సంస్థలనూ అడుగుతున్నారు.